తోడికోడలి కంచం మీద నా కన్ను

మా తోడికోడలు అన్నానికి కూర్చుంటే చాలు, నన్ను ఏదో ఒక సాకుతో ఇంట్లోంచి బయటికి పంపేవారు. పొమ్మని ఎవరూ నేరుగా అనరు. మా అత్త నా వైపు చూడకుండానే "పిల్లా, మీద బట్టలు ఎండినయేమో సూడుపో" అంటుంది. ఆ బట్టలు మధ్యాహ్నమే మడత పెట్టి లోపల పెట్టానని ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసని నాకూ తెలుసు. అయినా మెట్లెక్కి, ఖాళీ తీగను చూస్తూ ఎండలో నిలబడేదాన్ని. కింద కంచం కడిగిన చప్పుడు వినిపించాక దిగేదాన్ని. ఒళ్ళు మండిపోయేది.

నా కన్ను మంచిది కాదట. నేను చూస్తే ఆమె తిన్నది కడుపులో ఇమడదట.

మాది కోరుట్ల. మా మామ తాళ్ళెక్కి కల్లు గీసిన మనిషి. కొడుకులు మోకు ముట్టలేదు, ఇద్దరూ దుబాయి పోయారు. పెద్దాయన, అంటే మా ఆయన, బిల్డింగుల పనిలో ఉండేవాడు. చిన్నాయన, మా మరిది, ఒక కంపెనీలో డ్రైవరు. మామ పోయాక ఇంట్లో మిగిలింది మా అత్త, ఇద్దరం కోడళ్ళం, పిల్లలు. మా వాడ మొత్తం అదే తీరు. పెళ్ళిలో పందిరి వేయాలన్నా, పాడె మోయాలన్నా మగవాళ్ళను వెతుక్కోవాలి. ఆడవాళ్ళం పొద్దంతా చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడతాం, మాట్లాడుకుంటాం, ఒకరి ఫోన్లు ఒకరం వింటాం.

ఆ ఫోన్ల దగ్గరే మొదలైంది నా కడుపుమంట. మా తోడికోడలికి రోజూ ఫోన్ వచ్చేది, నాకు శుక్రవారం వచ్చేది. మరిది "ఏం తిన్నవు?" అని అడిగేవాడు. మా ఆయన "పైసలు అందినయా?" అని అడిగేవాడు. ఆమె ఫోన్ చెవికి పెట్టుకుని గోడ వైపు తిరిగి నవ్వుతుంటే నా చేతిలో తునికాకు చిరిగిపోయేది. అసూయపడ్డాను. దాచుకోవడానికి ఏముంది? అన్నం తినే మనిషిని, నాకూ పెళ్ళయింది, నాకూ చెవులున్నాయి.

ఆమెకు చిన్నప్పటి నుంచీ షుగర్ ఉంది. పొట్ట మీద చీర కాస్త పక్కకు జరిపి తనే సూది వేసుకునేది. అది తప్పిస్తే గట్టి మనిషి. నాకంటే ఎక్కువ బీడీలు చుట్టేది, నాకంటే ఎక్కువ తినేది. ఒకసారి మల్లాపూర్‌లో చుట్టాల ఇంట్లో పోచమ్మ పండుగకు పోయాం. బంతిలో కూర్చున్నాం. ఆమె యాటకూర రెండోసారి వేయించుకుంది. నాకేం పుట్టిందో, అందరూ వినేటట్టు అన్నాను.

"గింత సన్నగున్నవు, గింత బువ్వ ఏడ వడ్తదే నీకు?"

బంతిలో అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఇంటికొచ్చాక తిన్నదంతా కక్కింది. మర్నాడూ కక్కింది.

మా దగ్గర తినేవాళ్ళ తిండి గురించి మాట్లాడరు. "మంచిగ తింటున్నడు" అని కన్నతల్లి కూడా పైకి అనదు. అంటే వెంటనే ఇంత ఉప్పు తిప్పి పారేస్తుంది. నేను అన్నది పండుగ బంతిలో, అంతమంది ముందు. ఇంకేం కావాలి? వారం తిరగకుండా మా వాడలో అందరికీ తెలిసిపోయింది, పెద్దకోడలి కన్ను చిన్నకోడలి కడుపు మీద పడిందని.

మొదట్లో నేను లెక్కచేయలేదు. వాంతులు ఎవరికి రావు? కానీ ఆమెవి తగ్గలేదు. రెండు ముద్దలు తినగానే కడుపు నిండిపోయిందనేది. పొట్ట ఉబ్బేది. పొద్దున తిన్నది సాయంత్రం అట్లాగే, మెతుకు మెతుకుగా, పుల్లటి వాసనతో బయటికి వచ్చేది. తిండి ఎప్పుడు అరుగుతుందో తెలియక సూది ఎప్పుడు వేసుకోవాలో తెలియకుండా పోయింది. ఒకసారి సూది వేసుకున్నాక అన్నం కక్కేసి, కళ్ళు తేలేసింది. పక్కింటామె చక్కెర నీళ్ళు నోట్లో పోస్తే లేచింది. మనిషి పుల్లలాగా అయింది. గాజులు మోచేతి దాకా జారేవి.

మా అత్త చేయని పని లేదు. మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ముద్ద తిప్పి కుక్కకు వేసింది. ఇవన్నీ ఎవరైనా చేసేవే. కానీ ఒక పొద్దున నేను వాకిలి ఊడ్చి లోపలికి వస్తుంటే వెనక ఏదో కదిలినట్టయింది. తిరిగి చూస్తే మా అత్త వంగి, తడి వాకిట్లో నా కాలి గుర్తు దగ్గర మన్ను గోటితో గీరి తీస్తోంది. ఎవరి కన్ను తగిలిందో వాళ్ళ కాలి కింది మన్ను తీసి, ఉప్పూ మిరపకాయలతో కలిపి తిప్పి కాల్చాలి. ఈ సంగతి తెలియనిదాన్ని కాదు నేను.

"ఏం తీస్తున్నవత్తా?" అన్నాను.

"ఏం లేదు బిడ్డా, చీమలు" అంది, పిడికిలి మూసుకుని.

చీమలట! ఇన్నేళ్ళు ఆమెకు కాళ్ళు పిసికాను, తలకు నూనె పెట్టాను. చీపురు అక్కడే విసిరేశాను. పిల్లల్ని వెంటేసుకుని సిరిసిల్ల బస్సెక్కాను.

అమ్మ వాళ్ళింట్లోనూ అప్పుడు సంబరంగా ఏమీ లేదు. సిరిసిల్లలో సాంచెలు సగం ఆగిపోయాయి. సాంచెలంటే మరమగ్గాలు. ఉన్న ఊళ్ళో పని లేక నాన్న భివండి పోయి అక్కడ ఒకరి షెడ్డులో నడిపేవాడు. నేను పుట్టి పెరిగిన సందులో చప్పుడు లేకపోవడం చూస్తే నాకు దడ పుట్టింది. అమ్మ నా గోడంతా విని, బీడీ కొసలు మడుస్తూనే అడిగింది.

"నిజం జెప్పు. నీకు ఆమె మీద ఓర్సలేనితనం ఉన్నదా?"

"ఉన్నది" అన్నాను.

"ఉంటే ఉండనీ. ఎవ్వలికి లేదు? కని నువ్వు గిట్లచ్చి ఈడ కూసుంటే ఆళ్ళు అన్నది నిజమైతది. రేపే పో."

మర్నాడే తిరిగి వచ్చాను. బస్సు సిరిసిల్ల దాటిన దగ్గర్నుంచీ ఒకటే ఆలోచన. నా అసూయ నిజం. ఆమె వాంతులు నిజం. ఆమె ఎండిపోతున్న మాట కూడా నిజం. ఒకవేళ మా అత్త అన్నదే అయితే? నేను చూసే చూపుకే ఆ పిల్ల చచ్చిపోతుంటే? చదువుకున్నదాన్నే, ఇంటర్ దాకా. ఇలాంటివి నమ్మకూడదని నాకు తెలుసు. తెలిసినా భయం పోలేదు. ఆ రోజు నుంచి ఎవరూ పంపకుండానే నేనే మేడెక్కడం మొదలుపెట్టాను. పైన నిలబడి "ఆమెకు అరగాలె, ఆమెకు అరగాలె" అని అనుకునేదాన్ని. అనుకుంటుండగానే ఆమె ఫోన్ మోగేది, కిందినుంచి మరిది గొంతు వినిపించేది, మళ్ళీ కడుపు భగ్గుమనేది. ఇంక నా మొక్కు ఏం పనిచేస్తుంది?

జగిత్యాల డాక్టరు చాలా మందులు మార్చి చూశాడు. కొన్నాళ్ళు తగ్గినట్టే తగ్గేది, మళ్ళీ మొదలయ్యేది. చివరికి "షుగర్ వల్ల పొట్ట కదలడం మానేసినట్టుంది, హైదరాబాద్ తీసుకపోండ్రి" అన్నాడు. ఎవరు తీసుకుపోవాలి? మగవాళ్ళు లేరు. అత్తకు మోకాళ్ళు లేవవు. ఆడమనిషి వెంట ఆడమనిషే ఉండాలి. నేనే పోవలసి వచ్చింది. బస్సెక్కేటప్పుడు మా అత్త నా చెవిలో "తినేటప్పుడు జెర బయటికి పోరాదే" అంది. నా మొహం ఎట్లా పెట్టానో నాకే తెలుసు.

హైదరాబాద్ ఆసుపత్రిలో ఆమెకు ఒక వింత పరీక్ష చేశారు. ఇడ్లీలో కంటికి కనిపించని మందేదో కలిపి తినిపించారు. ఆ తర్వాత గంట గంటకూ పొట్టను మిషను కింద పెట్టి ఫోటో తీశారు. ఆ ఇడ్లీ తినేటప్పుడు నేను గదిలో లేను, కావాలనే బయట బెంచీ మీద కూర్చున్నాను. మధ్యాహ్నం దాటినా ఇడ్లీ పొట్టలోంచి కదలలేదు. తెరమీద తెల్లటి ముద్ద, పొద్దున ఎక్కడుందో అక్కడే.

డాక్టరమ్మ ఓపిక గల మనిషి. కూర్చోబెట్టి చెప్పింది. "పొట్ట సంచికి కూడా కండ ఉంటుందమ్మా. అన్నాన్ని నలిపి కిందికి తోసేది ఆ కండే. తోయమని చెప్పే నరం ఒకటుంది. చాలా ఏళ్ళ షుగర్‌తో ఆ నరం పాడైంది. చెప్పేవాళ్ళు లేక పొట్ట ఊరికే ఉండిపోతోంది."

నేను ఆగలేకపోయాను. "మేడమ్, ఇది ఎవరన్నా చూస్తే వచ్చేదా?" అని అడిగాను.

ఆమెకు అర్థం కాలేదు. "అంటుకునే జబ్బా అనా? కాదు, కాదు" అంది.

నేను అడిగింది అది కాదు. ఇంకోసారి అడగడానికి సిగ్గేసింది. ఆ ఫోటో కాగితం మాత్రం అడిగి తీసుకుని, కోరుట్ల దాకా మడత పడకుండా ఒళ్ళో పెట్టుకుని తెచ్చి, మా అత్త ముందు పరిచాను. "సూడు, నేను గదిలనే లేను. అయినా ఇడ్లీ కదల్లేదు. నరం పాడైందట."

మా అత్త కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "మరి గా నరం ఊకెనే పాడైతదా?" అంది. ఆమెతో గెలవడం ఎవరి తరం?

మందులతో తగ్గకపోతే పొట్టకు కరెంటు పెట్టే పద్ధతి ఒకటుందని డాక్టరమ్మ చెప్పిన సంగతి ఫోన్‌లో మరిదికి చెప్పాం. ఆ మాట విన్న నెల లోపలే అతను నౌకరి వదిలేసి వచ్చేశాడు. సెలవు పెట్టి కాదు, వీసా క్యాన్సిల్ చేయించుకుని. ఆటో దిగి, బ్యాగు వాకిట్లో పడేసి, నేరుగా ఆమె పడుకున్న గదిలోకి పోయాడు. ఆమె ఏడుస్తోంది, అతను ఏడుస్తున్నాడు. మా అత్త గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది. నేను వంటింట్లో మరిది కోసం చాయ్ పెడుతున్నాను. చాయ్ పొంగి పొయ్యి ఆరిపోయింది.

అంతకు కొన్నేళ్ళ ముందు నాకు గర్భసంచి తీసేశారు జగిత్యాలలో. అప్పుడు మా ఆయన రాలేదు. "సెలవు ఇస్తలేరు" అన్నాడు. అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఆపరేషన్ గదిలోంచి నన్ను బయటికి తెచ్చినప్పుడు మత్తులో ఆయన్నే పిలిచానట, అమ్మ చెప్పింది. మరిది బ్యాగు అట్లా వాకిట్లో పడి ఉంటే నాకు అదంతా గుర్తొచ్చింది. నాకు కూడా పొట్ట ఆగిపోతే బాగుండుననిపించింది. ఆగిపోతే వస్తాడా? ఏమో, పైసలు పంపుతాడేమో.

ఆపరేషన్‌కు మళ్ళీ నేనూ పోయాను, ఆడవాళ్ళ వార్డు కదా. పొట్ట గోడకు రెండు సన్నని తీగలు కుట్టి, వాటిని చిన్న డబ్బాకు కలిపి, ఆ డబ్బాను పొట్ట చర్మం కింద జేబులాగా చేసి పెట్టారు. అందులో బ్యాటరీ ఉంటుంది. అది ఆగి ఆగి చిన్న కరెంటు పంపుతుంది, మనిషికి తెలియదు. "ఇది అందరికీ పనిచేస్తుందని చెప్పలేను. పొట్ట మునుపటిలాగా ఖాళీ అవుతుందని కూడా అనను. వాంతులు మాత్రం తగ్గొచ్చు" అని డాక్టరమ్మ ముందే చెప్పింది. తర్వాత ఒక పరికరాన్ని ఆమె పొట్ట మీద చీర పైనుంచే ఆనించి, కంప్యూటర్‌లో చూస్తూ కరెంటు ఎంతో సరిచేసింది. మరిది ఆమె చెయ్యి పట్టుకుని "నొస్తున్నదా? నొస్తున్నదా?" అని ఒకటే అడగడం. నొప్పి లేదని ఆమె చెప్పింది, డాక్టరమ్మ చెప్పింది, నేనూ విసుక్కుని చెప్పాను. వింటేనా!

వాంతులు తగ్గాయి. ఒక్క రోజులో కాదు. మెల్లమెల్లగా. ముందు జావ నిలిచింది, తర్వాత మెత్తటి అన్నం, సల్ల. గుడాలు, అంటే గుగ్గిళ్ళు, పీచు కూరలు, నూనె వంటలు వద్దన్నారు. కొంచెం కొంచెం, చాలాసార్లు తినమన్నారు, తిన్నాక నడవమన్నారు. మరిది ఆటో కొనుక్కుని ఊళ్ళోనే నడుపుకుంటూ, ప్రతిసారీ ఇంటికొచ్చి ఆమెకు తినిపించి పోయేవాడు.

అప్పుడు నేను అనుకున్నాను, ఇంక నా మీది మాట పోతుందని. ఎంత పిచ్చిదాన్ని! ఒక రోజు పక్కింటామె తన మనవడిని ఎత్తుకుని వచ్చింది. పిల్లవాడు అన్నం తినడం లేదట. మా అత్తను పక్కకు పిలిచి "గా మిషిని చిన్నపోరగాండ్లకు గూడ వెడ్తరా?" అని అడిగింది. మా అత్త గొప్పగా చెప్పింది, నేను వినాలనే.

"గది వెట్టినప్పటిసంది ఎవ్వల కన్ను తాకుతలేదు మా పిల్లకు. ఇంట్లె ఎవ్వలున్నా సరే, ఏం గాదు."

మిషను నన్ను గెలిచిందట! డాక్టరమ్మ అంత కష్టపడి కుట్టిన తీగలు మా వాడలో తాయెత్తు అయిపోయాయి. అయినా ఆమె తినేటప్పుడు నన్ను మీదికి పంపడం మాత్రం మా అత్త మానలేదు, నేను ఎప్పటిలాగే దిష్టిదాన్ని. నిజంగా నా కన్నుకు అంత బలం ఉంటే ముందు పక్కింటామె నోరు పడిపోవాలి.

ఆ శుక్రవారం మా ఆయన ఫోన్ చేశాడు. గొంతులో సంతోషం. నేను చాపమీద లేచి కూర్చున్నాను, వస్తున్నానంటాడేమోనని.

"తమ్ముని జాగల నన్ను తీసుకుంటా అన్నరు. డ్రైవింగ్ లైసెన్సు గూడ అయింది. ఎండల పని తప్పుతది" అన్నాడు.

"మంచిదే. మరి ఎప్పుడస్తవు?"

"కాంట్రాక్టు కొత్తది గద. ఇప్పుడే రానియ్యరు."

తమ్ముడు పెళ్ళాం కోసం వదిలేసి వచ్చిన నౌకరి అన్నకు దక్కింది. ఎండలో కాలకుండా కూర్చుని బండి నడుపుతాడని నేను సంతోషపడాలి. పడ్డాను కూడా, అబద్ధం ఎందుకు? కానీ ఫోన్ పెట్టేశాక దిండు మొహానికి అదుముకుని ఏడ్చాను. ఆమె కడుపు కుదుటపడింది, నా మొగుడు ఇంకా దూరమయ్యాడు. అవతలి గదిలో వాళ్ళిద్దరూ ఏదో మాట్లాడుకుంటూ నవ్వుకుంటున్నారు.

ఆ తర్వాత అందరం కొండగట్టు పోయాం, మా అత్త మొక్కు తీర్చడానికి. దర్శనమయ్యాక అత్త, మరిది, పిల్లలు కొబ్బరికాయ కొట్టించడానికి మళ్ళీ పైకి పోయారు. మా ఇద్దరినీ సద్ది మూటల దగ్గర కాపలా పెట్టారు. చుట్టూ కోతులు. నేను ఆకలికి ఆగలేక మామిడికాయ తొక్కు కలుపుకుని తినడం మొదలుపెట్టాను. ఆమె తన డబ్బాలోంచి మెత్తటి పెరుగన్నం చెంచాతో తీసుకుంది. అలవాటు ప్రకారం నేను మొహం అటు తిప్పుకున్నాను.

"అక్కా, గటెందుకు తిరుగుతవు? కోతులు జూస్తలేవా నేను తినేది? నువ్వు జూస్తే ఏమైతది?"

"తిను, తిను. అత్త అచ్చిందంటే మల్ల లొల్లి."

"అత్త సంగతి ఇడిసిపెట్టు. నీకొక మాట జెప్పాలె. తిట్టద్దు."

"చెప్పు."

ఆమె చెంచా కింద పెట్టింది. "నీ కన్ను నా బువ్వ మీద పడ్డదో లేదో నాకు తెల్వది. నా కన్ను మాత్రం నీ బువ్వ మీద పడ్డది. నేను కక్కి కక్కి లోపల పండుకుంటే, నువ్వు గీ తొక్కే కలుపుకొని, ఉల్లిగడ్డ కొరుక్కుంట తినేటిదానివి. గా కరకర చప్పుడు ఇనుకుంట ఏడ్చేదాన్ని. నిన్ను సంపాలన్నంత కోపమచ్చేది. గీమెకు ఒక్క పూటన్న కడుపు నొయ్యాలె, గీమె గూడ కక్కాలె అని దేవునికి మొక్కిన."

"నీ నోట్ల మన్నువడ! నేను మీద నిలవడి నీకు అరగాలె అని మొక్కుతుంటే నువ్వు గిట్ల మొక్కినవా?"

"మొక్కిన. ఒక్క దినం కాదు, మంచంల పడ్డప్పటిసంది. మరి నువ్వు చెప్పు, నీకు ఒక్కనాడన్న కడుపు నొచ్చిందా? ఒక్క తేన్పన్న అచ్చిందా?"

ఆలోచించాను. నాకా! ఆ రోజుల్లో కోపానికి రెండింతలు తినేదాన్ని. రాళ్ళు తిన్నా అరిగేవి.

"లేదు" అన్నాను.

"మరి ఇంకేంది? ఆకలితోటి సచ్చేటి నా కన్నే నీకు తాకలేదు. నీ కన్ను నాకేం తాకుతది అక్కా?"

డాక్టరమ్మకు చెప్పలేకపోయిన మాట, ఆ ఫోటో కాగితం చెప్పలేకపోయిన మాట ఆమె చెప్పింది. నోట్లో తొక్కన్నం ఉండగానే ఏడుపొచ్చింది, కారం ముక్కులోకి పోయింది. దగ్గుతుంటే ఆమె వీపు మీద చరిచింది. "ఇప్పుడు తాకిందేమో" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఇంతలో ఒక కోతి నా పక్కన పెట్టిన ఉల్లిగడ్డ ఎత్తుకుపోయింది.

అత్త, మరిది, పిల్లలు కొబ్బరి చిప్పలతో దిగి వచ్చారు. మరిది వస్తూనే ఆమె ముందు గొంతుకూర్చుని, ఫ్లాస్కులోంచి జావ గ్లాసులో పోశాడు. వేడిగా ఉందని ఇంకో గ్లాసులోకి తిరగపోసి, ఊది, ఒక చుక్క అరచేతిలో వేసుకుని చూసుకుని, అప్పుడు ఆమెకు అందించాడు. మా అత్త నా వైపు చూసింది, ఇంక లేస్తుందిలే అన్నట్టు. నేను లేవలేదు. మొహం తిప్పుకోలేదు. కళ్ళు పెద్దవి చేసుకుని, ఆమె తాగిన ప్రతి గుక్కా చూశాను, అతను ఊదిన ప్రతి ఊపిరీ చూశాను. కడుపు భగ్గున మండింది. ఎన్నాళ్ళ తర్వాతో, ఏ భయమూ లేకుండా, తృప్తిగా కుళ్ళుకున్నాను.